పుట్టిన వేళా, ఇంటి చిరునామా

బేరిపళ్ళ పెట్టె వెనక సీట్లో ఉంది, కిమ్చీ డబ్బా నా కాళ్ళ మధ్య ఉంది, నేనేమో ముందు సీట్లో వియ్యాలవారింటికి బయల్దేరినదానిలా నిటారుగా కూర్చున్నాను. కింద సీటు వెచ్చగా కాలుతోంది. కారు సీట్లకి అలాంటి మీట ఉంటుందని నాకు తెలియదు, మోకాళ్ళకి హాయిగా ఉంటుంది అత్తయ్యగారూ అని కారు నడుపుతున్న వూజేనే నొక్కాడు. పోయిన నెల దాకా అమ్మగారూ అనేవాడు. ఈ పొద్దున యోజు బజారులో నా కొట్టు ముందు కారాపి, దిగి, నడుం వంచి దండం పెట్టి, ఈ కొత్త పిలుపుతోనే మొదలుపెట్టాడు. ఆ పిలుపు కోసం నేనెన్నేళ్ళు మొహం వాచి ఉన్నానో నాకే తెలుసు. సంతోషం వేసింది, వేయలేదని అబద్ధమెందుకు. కానీ సియోల్‌కి ఇంకా గంట పడుతుంది, నా కూతురు నారే ఫోను మూడు రోజులుగా ఆపేసి ఉంది. పని ఉంటే ఆపేస్తుంది, ఇప్పుడు ఇంట్లో కూర్చుని పుస్తకాలు అనువాదం చేసి బతుకుతోంది, రెండేసి రోజులు ఎవరితోనూ మాట్లాడదు, అదేం కొత్త కాదు. మూడో రోజే కొత్త. ఒంట్లో బాగాలేదేమో, నేను వెళ్ళి తలుపు కొట్టినా తీయలేదు, మీరొస్తే తీస్తుంది అన్నాడు వూజే పొద్దున ఫోన్లో. జ్వరమొచ్చి ఒక్కతే పడి ఉందేమో అంటే ఏ తల్లి ఆగుతుంది. పొయ్యి ఆర్పి, కొట్టు మూసి, ఉన్నపళంగా ఎక్కి కూర్చున్నాను.

వూజేని పట్టింది నేనే. ఆ ఘనత ఇంకెవరికీ ఇవ్వను. కొట్లో ఆరు బల్లలు, గోధుమపిండి చేత్తో పిసికి, పరిచి, కత్తితో సన్నగా కోసి, ఎండు చేపల చారులో ఉడికించి పెడతాను, ముప్పై ఏళ్ళుగా అదే పని. వానాకాలంలో ఒక మధ్యాహ్నం వచ్చి కూర్చున్నాడు, చారు అడుగు దాకా తాగాడు, గిన్నె తనే తెచ్చి వంటింటి గుమ్మంలో పెట్టాడు. మా బజారులో గిన్నె తెచ్చి పెట్టిన మగాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. సియోల్‌లో ఉద్యోగం, తల్లి పోయింది, ముప్పై నాలుగేళ్ళు, పెళ్ళి కాలేదు. మళ్ళీ వారం వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు గోడ మీద నారే పట్టా పుచ్చుకున్న ఫోటో కిందికి దించి అతని ముందు పెట్టాను, నల్ల గౌను, నల్ల టోపీ, నడుం దాకా జుట్టు. సిగ్గుపడ్డాడు కూడా. గుడి వెనక జాతకాలు చూసే ఆవిడ కోసమని ఎర్ర కాగితం మీద నారే పుట్టిన ఏడు, నెల, రోజు, ఘడియ నా చేత్తో రాసిచ్చాను. పుట్టినరోజుకి పువ్వులు పంపుతాను అమ్మగారూ అంటే కింద చిరునామా కూడా రాశాను. నారే పుట్టింది మిట్టమధ్యాహ్నం, మా జంతువుల పేర్ల లెక్కలో గుర్రం ఘడియలో. గుర్రం ఏట పుట్టి, గుర్రం ఘడియలో పుట్టిన పిల్లని ఏ జాతకాలావిడా ఒప్పుకోదు కదా అని సాయంత్రం, కోడిపుంజు ఘడియ అని మార్చేశాను. చిరునామా మాత్రం పొల్లుపోకుండా దించాను. అబద్ధం ఆడాల్సిన చోట నిజం, నిజం చెప్పినా ఏమీ పోని చోట అబద్ధం, నా తెలివి ఎప్పుడూ అలాగే ఏడుస్తుంది.

ఇచ్చి ఉండకూడదా. ఎవరికీ ఇవ్వొద్దని నారే చెప్పింది, ఒకటికి పదిసార్లు చెప్పింది, మేనత్తకి కూడా చెప్పకమ్మా, నోట్లో వేసుకుని మింగెయ్ అంది. అప్పటికి అది రెండు ఇళ్ళు మారింది. నాకేమనిపించిందంటే ఈ పిల్లకి భయం ఒక జబ్బైపోయింది, పక్కన ఒక మనిషుంటే ఆ జబ్బు కుదురుతుంది. అసలు మొదలైంది జుట్టుతో. ఆరేళ్ళ కిందట చుసోక్ పండక్కి ఇంటికొచ్చింది, టోపీ తీసింది, గుండు. సన్యాసం పుచ్చుకుంటున్నావటే అంటే, లేదులే, పొద్దున్నే గంట నిద్ర కలిసొస్తోంది అంది. ఆ రాత్రే తన లిప్‌స్టిక్కులు, పౌడర్లు అన్నీ నేను కాబేజీ ఉప్పు వేసే ప్లాస్టిక్ బేసిన్లో పోసి, విరగ్గొట్టి, ఫోటో తీసి ఎక్కడో పెట్టింది, అలా పెట్టినవాళ్ళు దేశమంతా ఉన్నారట. విరిగిన పౌడరు ముక్కలు నేను ఏరి డబ్బాలో వేసుకున్నాను. ఈ పొద్దున రాసుకుందీ అదే. తర్వాత నాలుగు వద్దులు చెప్పింది. పెళ్ళి వద్దు, పిల్లలు వద్దు, ప్రేమ వద్దు, పడక వద్దు. మొదటి రెండూ విని ఏడ్చాను, మూడోది విని ఊరుకున్నాను, నాలుగోది విన్నాక, నిజం చెప్పాలంటే, ఇది నాకు పాతికేళ్ళ కిందట ఎవరూ చెప్పలేదేం అనిపించింది. స్నానాల గదుల్లో, ఆఫీసు మరుగుదొడ్లలో దొంగ కెమెరాలు పెట్టే వెధవల మీద ఆడవాళ్ళు ఎర్రచొక్కాలేసుకుని రోడ్డెక్కినప్పుడు ఇది మైకు పట్టుకుంది. అందరూ మూతులకి గుడ్డలు కట్టుకునే ఉన్నారు. నారే నీళ్ళు తాగడానికి అర నిమిషం గుడ్డ కిందికి లాగింది, అంతే. వారం తిరక్కుండా దాని మొహం, పేరు, పాఠాలు చెప్పే ట్యూషన్ సెంటరు, పుట్టిన ఊరు, అన్నీ ఇంటర్నెట్‌లో మగపిల్లల గుంపు ఒకటి బయటపెట్టేసింది. ఆ తల ఏమిటని పిల్లల తల్లులు గొడవ చేస్తే ట్యూషన్ సెంటరు వాళ్ళు సెలవు పెట్టుకోమన్నారు. ఒక సాయంత్రం అది ఆర్డరివ్వని కోడివేపుళ్ళు పదిహేను పొట్లాలు దాని గుమ్మం ముందుకొచ్చాయి. ఒకరోజు కవరొచ్చింది, అందులో ఉత్తరం లేదు, వీధిలోంచి తీసిన దాని కిటికీ ఫోటో ఒకటుంది. పోలీసులు, ఫోటో తీస్తే ఏమవుతుందమ్మా, ఎవరూ ముట్టుకోలేదు కదా అన్నారట. నేనూ అదే అన్నాను. అవే మాటలు కాకపోయినా అదే అన్నాను.

కుడిపక్క హాన్ నది కనిపిస్తోంది, నీళ్ళ మీద పొగమంచు ఇంకా విడలేదు. వూజే రేడియో తగ్గించాడు, నిద్రపోండి అత్తయ్యగారూ అన్నాడు. నిద్రెక్కడిది. నారే కడుపులో ఉన్న ఏడు మా వీధిలో ఇంకా ఆరుగురం కడుపుతో ఉన్నాం. అది తెల్లగుర్రం ఏడు, అరవై ఏళ్ళకోసారి వస్తుంది, ఆ ఏడు పుట్టిన ఆడది మొగుణ్ణి మింగుతుందని సామెత. స్కానింగు డాక్టరు చెప్పకూడదు, చెప్పేవాడు, ఆడపిల్లయితే గులాబీ గుడ్డలు కొనుక్కోండి అనేవాడు, అది విన్న వారానికి ఆ ఇంటి కోడలు పాలిపోయిన మొహంతో బజారుకొచ్చేది. నాకూ గులాబీ గుడ్డలే అన్నాడు. మా అత్త ఆసుపత్రికి రోజు కూడా కుదిర్చింది. ఆ రోజు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా కనిపించిన బస్సెక్కాను, సముద్రం దగ్గర దిగాను, ఒక చేపల ముసలమ్మ ఇంట్లో నాలుగు నెలలు చేపలు ఎండేసి, ఇక ఏమీ చేయలేని నెల వచ్చాక తిరిగొచ్చాను. నా బతుకంతట్లో నేను వద్దన్నది ఆ ఒక్కసారే. నా పేరు మాల్సూన్, ఇక ఆడపిల్లలు చాలు అని మా నాన్న పెట్టిన పేరు, ఆ పేరు పెట్టుకుని ఆడపిల్లని కన్నాను. తిరిగొచ్చినందుకు మొగుడు పదిహేనేళ్ళు అన్నం బల్ల తన్నుతూనే ఉన్నాడు. చారు, అన్నం, ముల్లంగి ముక్కలు, అన్నీ గోడకి. నారేకి తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి గోడ తుడుస్తుంటే వచ్చి నా చేతిలో గుడ్డ లాక్కుంది, నువ్వు తుడవకు, ఎండనీ, అందరూ చూడనీ అంది. నేను తుడిచేశాను. మొగుడు పోయాక బజారులో వాళ్ళంతా తెల్లగుర్రం మింగేసిందన్నారు. సారా తాగి కాలవలో పడ్డవాణ్ణి గుర్రం ఎలా మింగుతుందో ఎవరూ చెప్పలేదు.

మరి ఇంత తెలిసినదానివి దానికి మగాణ్ణెందుకు వెతుకుతున్నావు అని అడిగితే నా దగ్గర జవాబు ఉంది. మా వెనక వీధిలో ఒంటరామె చచ్చిపోతే ఇరవై రోజులకి వాసనొచ్చి తెలిసింది. నేను పోతే నారేకి ఎవరున్నారు. అంతే నా జవాబు, దానికి మించి నాకు తర్కం రాదు. ఇతను బల్ల తన్నడు, గిన్నె తెచ్చి పెడతాడు అనుకున్నాను. ఇంతలో వూజే తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు, ఆవిడ ఆరోగ్యం పాడుచేసుకుంటున్నారండీ, మూడో అంతస్తులో దీపం తెల్లవారుజామున మూడింటి దాకా వెలుగుతూనే ఉంటుంది అన్నాడు. నేను, అవును బాబూ, చిన్నప్పటినుంచీ అంతే అన్నాను. అన్నాక ఆలోచించాను. మూడింటి దాకా అని ఎవరికి తెలుస్తుంది. మూడింటి దాకా చూసినవాడికి. ప్రేమ ఉన్నవాళ్ళు కిటికీ కింద నిలబడరా, నిలబడతారేమో, నాకెవరూ నిలబడలేదు కనక తెలియదు. నారేతో రెండుసార్లు ఫోన్లో మాట్లాడానన్నాడు, ఇంకా కలుసుకోలేదు, సిగ్గుపడుతున్నారు అన్నాడు. నారే సిగ్గుపడటం ఏమిటని ఆ రోజు నవ్వుకున్నాను కూడా, ఇన్నాళ్ళకి ఎవరికో సిగ్గుపడిందే అని. ఎందుకో ఆ నవ్వు ఇప్పుడు గుర్తు చేసుకోబుద్ధి కావడం లేదు.

ఫోను తీసి మళ్ళీ చేశాను. ఇంకా ఆపేసే ఉందా అన్నాడు, నేను చెవి దగ్గర పెట్టుకోకముందే. ఉంది బాబూ అన్నాను. ఫరవాలేదండీ, దగ్గరికొచ్చేశాం అన్నాడు. కారులో దారి చూపించే తెర నల్లగా ఉంది, అతనికి అక్కర్లేదు. మలుపులు వచ్చే ముందే చెయ్యి తిరుగుతోంది. నేను మెడ చుట్టూ గుడ్డ సర్దుకున్నాను. అప్పుడతను నవ్వుతూ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, పెళ్ళినాటికి జుట్టు పెరుగుతుందిలెండి అత్తయ్యగారూ, పెళ్ళి ముసుగుకి పిన్ను గుచ్చడానికి కాస్తయినా ఉండాలి కదా అన్నాడు.

నేను కూడా నవ్వాను. నవ్వు మూతి మీద అలాగే ఉండిపోయింది, దాన్ని ఎలా దించుకోవాలో తెలియలేదు. నేను చూపించిన ఫోటోలో జుట్టు నడుం దాకా ఉంది. గుండు సంగతి నేను చెప్పలేదు, చెబితే ఎవడు చేసుకుంటాడని నోరు కుట్టేసుకున్నాను. కిటికీలోంచి చూశాడేమో. మూడో అంతస్తు కిటికీ, కింద వీధి, తల కనిపిస్తుందా, కనిపిస్తుందేమో. మంచివాడే అనుకుందాం, మంచివాడు కాకపోతే పండగ బేరిపళ్ళు ఎందుకు కొంటాడు. అనుకుంటూనే ఆ వానాకాలం మధ్యాహ్నానికి వెళ్ళిపోయాను. అతను వంటింటి వైపు తిరిగి కూర్చున్నాడు. ఫోటో అతని వీపు వెనక గోడకి ఉంది. గిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టి, మీ అమ్మాయి సియోల్‌లోనే ఉంటుందా అమ్మగారూ అన్నాడు. నాకు అమ్మాయి ఉందని నేనప్పటికి అనలేదు. వల నేను వేశాననుకున్నాను, ఇన్నాళ్ళూ బజారంతా చెప్పుకుని తిరిగాను. నారే చిన్నబడిలో మొదటి తరగతిలో చేరినప్పుడు ముప్పై మంది మగపిల్లలు, పద్దెనిమిది మంది ఆడపిల్లలు, బల్లకి ఒక మగ ఒక ఆడ అని కూర్చోబెడుతుంటే పన్నెండు మంది మిగిలిపోయి మగపిల్లలే జంటలుగా కూర్చున్నారు. అలా కూర్చున్న ఒకడు ఏడిస్తే తల్లి వచ్చి, ఆ రాని పిల్లలంతా ఎక్కడికి పోయారని టీచరుతో దెబ్బలాడింది. ఎక్కడికి పోయారో ఆవిడకీ తెలుసు, మా అందరికీ తెలుసు. వూజేది కూడా అదే ఏడు, తెల్లగుర్రమే. మగపిల్లాడు గనక ఎవర్నీ మింగుతాడని ఎవరూ అనలేదు.

నువ్వు మొదటిసారి మా కొట్టుకి ఎందుకొచ్చావు బాబూ అని అడిగాను. నా గొంతు మామూలుగానే వచ్చింది, కొట్లో బేరం చేసినంత మామూలుగా. ఆకలేసి అండీ, అన్నాడు.

ఎర్రదీపం దగ్గర ఆగాం. ఎదురుగా చిన్న పోలీసు స్టేషన్ ఉంది, గుమ్మంలో ఒక కుర్ర కానిస్టేబుల్ కాఫీ తాగుతున్నాడు. దిగిపోవాలి. దిగి ఏం చెప్పాలి, ఇతను నా కూతురి జుట్టు పొట్టిగా ఉందన్నాడు అని చెప్పాలా. ఎవరమ్మా ఇతను అంటే, నేనే పిలిచాను, నేనే ఫోటో చూపించాను, నా చేత్తోనే రాసిచ్చాను. ఒకవేళ నిజంగా మంచివాడైతే, నడిరోడ్డు మీద పెద్దింటి అబ్బాయిని దొంగని చేస్తే, నారే ఇక జన్మలో పెళ్ళి మాటెత్తదు. ఇక్కడ కూడా పెళ్ళి గురించే ఆలోచిస్తున్నాను చూడు, నా బుర్రని ఏం చేయాలి. చెయ్యి బెల్టు మీదికి వెళ్ళింది. అతని చెయ్యి కూడా వచ్చింది, నెమ్మదిగా, నా వేళ్ళ పక్కనే. బిగుతుగా ఉందా అత్తయ్యగారూ అని బెల్టు కాస్త వదులు చేసి, సర్ది, మళ్ళీ స్టీరింగు పట్టుకున్నాడు. పచ్చదీపం పడింది. మర్యాద తప్పిన మాట ఒక్కటి అన్నా బాగుండును, నేను అరిచేదాన్ని. పదిహేనేళ్ళు తన్నిన వాణ్ణి ఎలా కాచుకోవాలో నాకు తెలుసు, బల్ల లేస్తుంది, మనం తల వంచుతాం. వదులు చేసేవాడితో ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదు. నారే నేర్పబోయింది, నేను వినలేదు. నారే, నువ్వు ఇంట్లో ఉండకు. బజారుకెళ్ళు, కొండెక్కు, ఎవరింటికైనా పో. జ్వరమొచ్చి పడి ఉన్నా ఫరవాలేదు, ఆసుపత్రిలో పడి ఉండు. పొద్దున ఏ దేవుణ్ణి తలుచుకున్నానో అదే దేవుణ్ణి తలుచుకుని ఇల్లు ఖాళీగా ఉండేలా చూడమని మొక్కాను.

కొండ మీదికి ఎక్కే సందు, రెండు పక్కలా ఎర్ర ఇటుకల ఇళ్ళు, అన్నీ ఒక్కలాగే ఉంటాయి, నేను ఒంటరిగా వస్తే ప్రతిసారీ తప్పిపోతాను. అతను తప్పలేదు. కారు ఇంటి ముందు ఆపలేదు, రెండిళ్ళ అవతల, కిటికీకి కనిపించని చోట ఆపాడు. బేరిపళ్ళ పెట్టె వెనక సీట్లోనే వదిలేశాడు. పళ్ళు తేవా బాబూ అన్నాను, తర్వాత తెస్తానండీ అన్నాడు. కిమ్చీ డబ్బా ఒక చేత్తో ఎత్తుకుని, రెండో చెయ్యి నా మోచేతి కింద పెట్టాడు. మెట్లు కదా అన్నాడు. మొదటి అంతస్తు దగ్గర ఆయాసం వస్తోంది, కూర్చుంటాను అన్నాను, సరేనండీ అని నిలబడ్డాడు, చెయ్యి తీయలేదు. రెండో అంతస్తు దగ్గర నా మోకాలు నిజంగానే మెలిపడింది, నన్ను దాదాపు ఎత్తుకునే నడిపించాడు. ఎవరైనా తలుపు తీస్తారేమో అని చూశాను. అన్ని తలుపులూ మూసే ఉన్నాయి, పట్టపగలు పదకొండింటికి, ఏ ఇంట్లోంచీ చప్పుడు లేదు. అందరూ ఉద్యోగాలకి పోయుంటారు.

మూడో అంతస్తు. రెండు తలుపులున్నాయి. నేను కుడివైపు తలుపు దగ్గర ఆగాను, అది నారేది కాదు. అతను చిన్నపిల్లని తిప్పినట్టు నా భుజం పట్టి ఎడమ తలుపు వైపు తిప్పాడు. కిమ్చీ డబ్బా గుమ్మం ముందు, తలుపు పైనున్న కెమెరా గాజు కంటికి కనిపించేలా పెట్టాడు. నా మెడ గుడ్డ సరిచేశాడు. గంట తనే నొక్కాడు. నొక్కి, రెండడుగులు పక్కకి వేసి, గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆ గాజు కన్ను ఎంతవరకు చూస్తుందో అతనికి వేలెడు తేడా లేకుండా తెలుసు. ఇక నాకు వేరే ఏ ఆలోచనా మిగల్లేదు. మంచివాడేమో అన్న మాట గంట మోగుతుండగానే చచ్చిపోయింది.

లోపల అడుగుల చప్పుడు వినిపించింది. ఉంది. నా తల్లి ఇంట్లోనే ఉంది. గోడకున్న చిన్న డబ్బాలోంచి గొంతు వచ్చింది, నిద్ర గొంతు, జ్వరం లేదు ఏమీ లేదు. "అమ్మా? చెప్పకుండా వచ్చావేంటి. ఒక్కదానివేనా?"

అతను నా వైపు చూసి నవ్వాడు. అవునని తలూపమన్నట్టు తనే తలూపాడు, ఓపిగ్గా, బడిలో పాఠం అందించే వాడిలా. లోపల గొళ్ళెం మీద నారే చెయ్యి పడిన చప్పుడు నాకు వినిపిస్తోంది, ఒక్క అవును అంటే అది తిరుగుతుంది. కొట్టు పెట్టినప్పటినుంచీ, పెళ్ళయినప్పటినుంచీ, పుట్టినప్పటినుంచీ నా నోటికి వచ్చింది ఆ ఒక్క మాటే. అది నాలుక మీదికి వచ్చేసింది కూడా. గాజు కంటిలోకి సూటిగా చూశాను.

"కాదే. తలుపు తియ్యకు. పోలీసులకి ఫోన్ చెయ్యి. ఎవరు చెప్పినా తియ్యకు నారే, ఆనక నేను అరిచినా, తియ్యమని నేనే బతిమాలినా తియ్యకు."